చిరునామా ఉన్న చుక్క

సంగారెడ్డి జిల్లా రుద్రారం వాళ్ళకు జపాన్ తెలియని దేశం కాదు. ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే తోషిబా ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది. ముంబై హైవే మీద ఇంకాస్త ముందుకు పోతే కంది. అక్కడి ఐఐటీ 2008లో మొదలైంది. దాని ప్రాంగణానికి జపాన్ సహకార సంస్థ జైకా రుణమిచ్చింది, భవనాల నమూనాల్లో టోక్యో విశ్వవిద్యాలయం ఆచార్యుల చేయి ఉంది. ఇన్నేళ్ళలో ఆ దేశం నుంచి మనకు యంత్రాలు వచ్చాయి, అప్పులు వచ్చాయి, పైచదువుల దారులు తెరుచుకున్నాయి. పాటలు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని నేను బలంగా అనుకునేవి వాళ్ళ చుక్కల పాటలు.

రాత్రిపూట డాబా ఎక్కి ఆకాశం చూసే జపాన్ మనిషికి పాడుకోవడానికి పాటలున్నాయి. వందేళ్ళ కిందట ఒక వ్యవసాయ పంతులు కట్టిన పాట ఉంది. చిన్నపిల్లల పండుగ పాట ఉంది. రంగస్థలం మీద పుట్టి రేడియోకెక్కిన పాట ఉంది. గిటార్లు పట్టుకున్న కుర్రవాళ్ళ పాట ఉంది. వీటిలో కొన్నిటిలో చుక్కకు పేరుంటుంది, రంగుంటుంది, దాని పక్కన ఏ చుక్క ఉందో ఉంటుంది. తెలుగు పాటలోనూ చుక్కలు బోలెడు. అయితే మన చుక్క చెలి కంటిలో మెరుస్తుంది, ముక్కుపుడకలో మెరుస్తుంది, జాబిలి పక్కన సిగ్గుపడుతూ నిలబడుతుంది. ఆకాశంలో అది ఏ మూలన ఉందో పాట చెప్పదు. వాళ్ళ పాట చుక్కకు చిరునామా ఇస్తుంది, మన పాట చుక్కను ఉపమానం చేస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన పాటకు ఏం తక్కువైందో, ఏం ఎక్కువుందో రెండూ తెలుస్తాయి.

ముందుగా ఆ పంతులు గురించి. మియజావా కెంజి (1896-1933) ఉత్తర జపాన్‌లో ఇవాతే ప్రాంతపు హనమాకి ఊరివాడు. 1921 నుంచి 1926 దాకా వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత ఊరి రైతులకు ఏ మడికి ఎంత ఎరువు వేయాలో లెక్కలు కట్టి ఇచ్చాడు. బతికుండగా ఆయన రాసినవాటిలో అచ్చయినవి కొద్దే. ‘హోషిమెగురి నో ఉత’ అనే చుక్కల పాట 1918 నాటి ఆయన పిల్లల కథలో పుట్టింది. మాటలు ఆయనవే, వరసా ఆయనదే. ఆయన పోయాక అచ్చయిన ‘గింగా తెత్సుదో నో యోరు’ నవలలో, బడి అయిపోయాక అచ్చుకూటంలో అక్షరాలేరి కూలి తెచ్చుకునే కుర్రవాడి ఊళ్ళో, పిల్లలు పండుగ రాత్రి ఈ పాటనే ఈలగా వేసుకుంటూ పోతారు. 2021 ఆగస్టు 8న టోక్యో ఒలింపిక్స్ ముగింపు వేడుకలో నటి ఓతకె షినొబు పిల్లలతో కలిసి పాడింది కూడా దీన్నే.

ఆ పాటలో కథ లేదు, ప్రేమ లేదు. వృశ్చికంలోని జ్యేష్ఠ ఎరుపు, గరుడ మండలం విప్పారిన తీరు, చిన్నకుక్క, సర్పం, ఓరియన్ వేటగాడు, ఆండ్రోమెడాలో కంటికి మరకలా కనిపించే పాలవెలుగు వరసగా వస్తాయి. మొదటి చరణంలో ప్రతి పాదమూ ఏడు మాత్రలు నడిచి, మూడు మాత్రల నామవాచకం మీద ఆగిపోతుంది. వాక్యం ముగించే క్రియాపదమే లేదు. చీకట్లో పక్కవాడికి వేలెత్తి ఒక్కో చుక్కా చూపించేటప్పుడు మనం మాట్లాడేది అలాగే కదా! పేరు చెప్తాం, ఆగుతాం, వాడి కన్ను అక్కడికి చేరిందో లేదో చూసి ఇంకో చుక్కకు పోతాం. పాట నడక ఆ చూపు నడకే. చివరికొచ్చేసరికి అది ఇంకా ముందుకెళ్ళి దారి కొలిచి చూపిస్తుంది. సప్తర్షి మండలం నుంచి ఉత్తరంగా ఐదింతల దూరం లెక్కపెట్టి ధ్రువుణ్ణి పట్టుకునే పద్ధతి, మన బడి సైన్సు పుస్తకాల్లో బొమ్మ వేసి చెప్పేదే, ఆ పాటలో రాగం మీద దొరుకుతుంది.

ఈ పాటలో తప్పులున్నాయి. ధ్రువ నక్షత్రం చిన్న ఎలుగుబంటి తోక కొసన ఉంటుంది, కెంజి దాన్ని నుదుటి పైకి తెచ్చాడు. చిన్నకుక్కలోని ప్రోసియాన్‌ది పసుపు కలిసిన తెలుపు, కెంజి దానికి నీలం పూశాడు. ఆ నీలికాంతి పెద్దకుక్కలోని సిరియస్‌ది. జపాన్ పాఠకులు వీటిని ఎప్పటినుంచో ఎత్తిచూపుతూనే ఉన్నారు, పాడుకుంటూనే ఉన్నారు. నా దృష్టిలో ఈ తప్పులే ఆ పాట విలువకు రుజువు. డాబా మీదికెళ్ళి సరిచూసుకోగల పాట కనుకనే దానిలో తప్పు పట్టగలిగాం. చెలి కన్నులు చుక్కలన్న పాటలో తప్పేమని పడతాం?

దీని పక్కన పెట్టడానికి తెలుగులో ఒక పద్యం ఉంది, అది చాలా గొప్ప పద్యం. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. హనమాకిలో పుట్టిన కెంజికి అప్పటికి పదమూడేళ్ళు. విజయనగరంలో గురజాడ అప్పారావు ‘ముత్యాల సరాలు’ రాసింది ఆ ఏడాదే. తెల్లవారుజామున తూర్పున తోకచుక్కను చూస్తున్న భర్త, దాన్ని చూసి కీడు శంకించే లోకం, మధ్యలో భార్యాభర్తల మాట పట్టింపు. తోకచుక్క రాజులకు చేటని, కరవుకు గుర్తని జనం వణికిపోతున్న రోజుల్లో గురజాడ దానితో చుట్టరికం కలిపాడు. ఆధునిక తెలుగు కవిత్వం పుట్టిందని మనం చెప్పుకునే చోటనే ఒక మనిషి మెడ ఎత్తి ఆకాశం చూస్తున్నాడు. ఈ సంగతిని మన విమర్శ ఎంత చెప్పుకోవాలో అంత చెప్పుకోలేదని నా బాధ.

రెండు రచనల లయలోనూ ఒక పోలిక ఉంది. మూడు, నాలుగు మాత్రల గణాలు జంటగా నడిచే ముత్యాలసరానికి ప్రాణం ఏడు మాత్రల విరుపు. కెంజి పాదంలోనూ మొదట నడిచేది ఏడే. నోటికి పట్టే గుణం రెండింటికీ అక్కడినుంచే వచ్చింది. దారులు మాత్రం వేరు. తోకచుక్కను చూసిన గురజాడ చూపు వెంటనే నేల మీదికి దిగుతుంది. కులాల గోడలు కూలిన లోకాన్ని, మనుషులంతా ఒక్కటయ్యే రోజును ఆ చుక్కతోక జెండాగా ఎగరేసినట్టు ఊహిస్తాడు. కెంజి చుక్కల్ని చూసి చుక్కల దగ్గరే ఉండిపోతాడు. ఎవరి గొప్ప వారిది. గురజాడ తర్వాత ముత్యాలసరాన్ని అందుకున్న కవులు ఎందరో ఉన్నారు. ఆ పద్యం తలెత్తి చూసిన వైపు చూసినవాళ్ళు అరుదు.

మరి మనవాళ్ళకు ఆకాశం తెలియదా? తెలుసు, బాగా తెలుసు. ఏడాదిని ఇరవై ఏడు కార్తెలుగా కోసి, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు పంచి, ఏ కార్తెలో ఏ విత్తనం వేయాలో, ఏ వానను నమ్మవచ్చో సామెతల్లో కట్టిపెట్టుకున్నారు. సంగారెడ్డి వైపు ఇప్పటికీ పెద్దవాళ్ళు వానాకాలాన్ని తారీఖులతో కాక ఆరుద్ర, పుబ్బ, ఉత్తర అనే లెక్కతో చెప్తారు. మృగశిర ప్రవేశించే రోజున హైదరాబాద్‌లో చేప ప్రసాదానికి జనం బారులు తీరుతారు. అయితే ఒక మాట ఆలోచించండి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణీ నక్షత్రం వైపు ఉన్న రోజులు, మే నెలాఖరు నుంచి రెండు వారాలు. సూర్యుడి పక్కనున్న చుక్క కంటికి ఆనదు. రోళ్ళు పగిలే ఎండకు రోహిణి పేరు పెట్టిన రైతుకు ఆ రోజుల్లో రోహిణి కనిపించదు. నెలల పేర్లదీ దాదాపు అదే దారి. పున్నమి చంద్రుడు కృత్తికల దాపుకు వచ్చిన నెల కార్తీకం. ఆ నిండు వెన్నెల్లో చిన్న చిన్న కృత్తికలు వెలవెలబోతాయి. అంటే మన కాలగణన ఒక చుక్కను గట్టిగా తలుచుకునే వేళ, ఆ చుక్క చూడడానికి అనువుగా లేని వేళే. దీన్ని లోపమనను, అది ఎంతో పదునైన గణితం. కాకపోతే లెక్కకు కన్నుతో పని లేదు, పాటకు ఉంది. మన నక్షత్ర జ్ఞానమంతా పంచాంగంలోకి, సామెతలోకి వెళ్ళి కూర్చుంది. పాటకు మిగిలింది చందమామ.

ఆ చందమామకు పురాణం కూడా తోడయింది. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్ళూ చంద్రుడి భార్యలు, వాళ్ళలో రోహిణి ముద్దుల భార్య. చుక్క అంటే చంద్రుడు ఒక రాత్రి ఆగే ఇల్లు. అన్నమయ్య వెన్నపాలు తెమ్మని పిలిచింది చందమామనే. 1955 ‘మిస్సమ్మ’లో పింగళి నాగేంద్రరావు మాటలకు సాలూరి రాజేశ్వరరావు కట్టిన పాటలో ఇంటి గొడవలు చెప్పుకున్నది చందమామకే. 1959 ‘మాంగల్యబలం’లో శ్రీశ్రీ పాటకు మాస్టర్ వేణు ఇచ్చిన బాణీ ఎంత అందమైనదో ఈనాటికీ చెవులకు తెలుసు. అందులో జాబిలి సరసన ఒక తార ఉంది. రోహిణా, చిత్తా, స్వాతా? ఏ తార అయినా ఒకటే, ఎందుకంటే ఆమె పని జోడీ కావడం. ఆ పాటలు నాకు ఎంతో ఇష్టం. వాటిని పట్టుకుని రాత్రి ఆకాశంలో ఒక్క చుక్కనైనా గుర్తుపట్టలేం.

చుక్క చూపించడమే ఒక ఆచారంగా మనకు ఒకటుంది, అరుంధతీ దర్శనం. సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణి, ఆయన్ని ఆనుకుని మిణుకుమనే అరుంధతిని పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి చూపించాలి. సన్నని చుక్క ఒకేసారి దొరకదు కాబట్టి ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపించి, అక్కడినుంచి చూపును జరపాలి. ఈ పద్ధతినే మన శాస్త్రకారులు అరుంధతీ న్యాయమన్నారు, చదువు చెప్పే పద్ధతికే దాన్ని పేరు చేశారు. కెంజి పాట సప్తర్షుల నుంచి ధ్రువుడికి జరిపేది కూడా అచ్చంగా ఇదే చూపు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్ళిళ్ళలో పొద్దుపోయాక సప్తర్షులు ఉత్తరాన ఎత్తుగా ఉంటారు, కాబట్టి ఆచారం నిజంగా కుదురుతుంది. కార్తీక, మార్గశిరాల సాయంత్రాల్లో ఆ చుక్కలు క్షితిజం కిందే ఉంటాయి. ఇవాళ పటాన్‌చెరు ఫంక్షన్ హాళ్ళలో పట్టపగలు కప్పు వైపు చేయి చూపించి ఆ తంతు ముగించేస్తున్నారు. ఆచారం నిలిచింది, చూపు పోయింది. ఆ తంతుకు తోడుగా చుక్క దారి చెప్పే తెలుగు పాట ఒకటి మన ఆడవాళ్ళ నోట ఉండి ఉంటే ఆ చూపు ఇంత తేలికగా పోయేది కాదు.

ఇక పండుగ పాటలు. జపాన్‌లో తనాబత పండుగ ఏడో నెల ఏడో రోజున వస్తుంది. చైనా నుంచి వచ్చిన కథ. నేతపని చేసే ఒరిహిమె, పశువులు కాసే హికోబొషి పాలపుంతకు చెరో ఒడ్డున విడిపోయి ఏడాదికొక్కసారి కలుసుకుంటారు. ఆమె మన పంచాంగంలో అభిజిత్తు, అతను శ్రవణం. చైనా కథలో శ్రవణానికి అటూ ఇటూ ఉన్న చిన్న చుక్కలు ఆ కాపరి కావడిలో మోసుకుపోతున్న పిల్లలు. మూడు చుక్కల వరుసను గొల్లకావడి అనే అలవాటు తెలుగు పల్లెల్లోనూ ఉంది, ఆ మాట గుర్తురాక మానదు. 1941 నాటి ‘తనాబతసామా’ అనే పిల్లల పాటలో గొందో హనయో ఈ ప్రేమికుల ఊసే ఎత్తలేదు. ఇంటి చూరు దగ్గర వెదురాకుల గలగల, రంగు కాగితాల మీద రాతలు, చుక్కల తళుకు, అంతే. కథ అందరికీ తెలుసు కాబట్టి పాట ఆ రాత్రి చుట్టుపక్కల్ని చూపిస్తే సరిపోయింది. పెద్దవాళ్ళ విరహాన్ని పిల్లల నోట పెట్టకుండా ఆకాశాన్ని మాత్రం పెట్టడం నాకు చాలా నచ్చిన సంగతి.

జపాన్‌కు ఇందులో ఒక చిక్కుంది. కొత్త క్యాలెండర్ ప్రకారం జూలై 7 అక్కడ వానలకాలం, ఆకాశం మబ్బులు కమ్మి ఉంటుంది. అందుకని వాళ్ళ జాతీయ ఖగోళ వేధశాల పాత చాంద్రమానపు తనాబతను, ఆగస్టులో వచ్చేదాన్ని, చుక్కలు చూసే రోజుగా ప్రచారం చేస్తోంది. మనకు జూలై, ఆగస్టు రెండూ మబ్బులే. ఆ రెండు చుక్కలూ, వాటితో హంస మండలంలోని డెనెబ్ కలిసి చేసే పెద్ద త్రికోణమూ తెలంగాణలో హాయిగా కనిపించేది వానలు వెనక్కి తగ్గాక, పొద్దు గూకగానే దాదాపు నడినెత్తిన. అది బతుకమ్మ రుతువు.

బతుకమ్మ మొదలయ్యేది అమావాస్య నాడు, ఎంగిలిపూల రోజు. ఆ సాయంత్రం ఆకాశంలో చంద్రుడు లేడు. గుడి ముందో, చెరువు గట్టునో గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు చరిచే ఆడవాళ్ళ పాటలు కొన్నిటిలో పాదం పాదానికీ వచ్చే పిలుపు మాత్రం చందమామదే. నడినెత్తిన శ్రవణం వెలుగుతోంది, కాస్త వాయవ్యంగా అభిజిత్తు వెలుగుతోంది. వాటి పేరు పాటలో లేదు. బతుకమ్మ పాట తక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పూల పేర్లు అంత ప్రేమగా, అంత కచ్చితంగా చెప్పే పాట ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అనిపిస్తుంది. తంగేడు, గునుగు, కట్ల, బంతి, ఏ పువ్వు ఏ వరసలో పేర్చాలో తెలిసిన పాట అది. పువ్వుకు చిరునామా ఇవ్వగలిగిన పాట చుక్కకు ఇవ్వలేకపోదు. ఆ వరస, ఆ తాళం, ఆ గుండ్రటి నడక చుక్కల మండలాలు చెప్పడానికి పుట్టినట్టే ఉంటాయి.

ఆ త్రికోణం మీద ఈ కాలపు జపాన్ పాట ఒకటుంది. 2009లో సూపర్‌సెల్ బృందం చేసిన ‘కిమి నో షిరనాయ్ మొనొగతారి’. స్నేహితులంతా కలిసి ఒక వేసవి రాత్రి దీపాల్లేని దారిన చుక్కలు చూడటానికి పోతారు. మూడు చుక్కల పేర్లూ ఒకరు చెప్తుంటే వినే అమ్మాయి వాటిని గుర్తుపెట్టుకుని వెతుకుతుంది. నేతగత్తె దొరుకుతుంది, కాపరి దొరకడు. ఆమె చెప్పుకోలేని ప్రేమంతా ఆ దొరకకపోవడంలో ఉంది. వెతకడమే కథ అయిన పాట ఇది. నా లెక్కలో ఈ పాటలన్నిటిలోకీ నైపుణ్యం దీనిదే. చుక్క ఇక్కడ చిరునామానూ వదలలేదు, ఉపమానాన్నీ వదలలేదు. రెండూ ఒకే పాటలో ఇమడవని వాదించేవాళ్ళకు ఇది జవాబు. 2001లో బంప్ ఆఫ్ చికెన్ బ్యాండు పాడిన ‘తెంతై కన్సొకు’ కూడా అర్ధరాత్రి దాటాక టెలిస్కోపుతో బయల్దేరే కుర్రవాళ్ళదే. కాకపోతే అందులో టెలిస్కోపు ఉన్నంత గట్టిగా చుక్కలు లేవు.

అందరికీ తెలిసిన ‘సుబరు’ మాత్రం చుక్కలు చూసేవాడికి పెద్దగా పనికిరాదు. తనిమురా షింజి 1980లో రాసి పాడిన ఆ పాట ఆసియా అంతా తిరిగింది. 2010లో షాంఘై ఎక్స్‌పో ప్రారంభంలోనూ ఆయన పాడారు. సుబరు అంటే మన కృత్తికలే. గొంతెత్తి చుక్కలకు వీడ్కోలు చెప్పి ఒంటరిగా దారి పట్టే మనిషి గంభీరమైన పాట. కృత్తికలు ఎక్కడున్నాయో, ఎలా ఉంటాయో అందులో దొరకదు. ఈ ఒక్క చుక్కల గుంపు దగ్గర మన పల్లె వాళ్ళను దాటేసిందని నా తీర్పు. పురాణం కృత్తికలను కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులుగా చూసింది. జపాన్ వాళ్ళూ ఆరే లెక్కపెట్టారు, సుబరు కారు గుర్తులో ఉన్నవీ ఆరు చుక్కలే. తెలుగు రైతు వాటిని పిల్లలకోడి అన్నాడు. ఒక్క మాటలో గుంపు, ఒదుగు, చిన్నాపెద్దా తేడా అన్నీ వచ్చేశాయి. ఆ పేరు విన్న పిల్లవాడు చలికాలం రాత్రి ఆకాశంలో దాన్ని పోల్చుకోకుండా ఉండలేడు. ఇంత మంచి పేరు మీద మనకు నాలుగు ఊళ్ళూ పాడుకునే పాట లేకపోవడం న్యాయం కాదు.

ఎందుకు లేకపోయింది? జపాన్‌కు ప్రాచీన కాలం నుంచీ చుక్కల కవిత్వం ఉందని, మనకు లేదని అనుకుంటే పొరపాటు. పదకొండో శతాబ్దం మొదట్లో సెయ్ షొనగొన్ తన ‘మకుర నో సోషి’లో చుక్కల్లో మేటి సుబరు అని ఒక పట్టీ రాసిన మాట నిజమే. దాన్నీ, తనాబతనూ పక్కన పెడితే వాళ్ళ పాత కవిత్వమూ వెన్నెల కవిత్వమే. చుక్కల పాట అక్కడ ఆధునిక కాలంలో, బడితో, ఖగోళ క్లబ్బులతో, ప్లానెటేరియంతో పెరిగింది. వాళ్ళ మొదటి ప్లానెటేరియం 1937లో ఒసాకాలో వచ్చింది, ఇప్పుడు దేశమంతా మూడువందలకు పైగా ఉన్నాయి. ఆ సరంజామా మనకూ లేకపోలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల బేగంపేట నుంచి లక్షల చుక్కల స్థానాలు ఫొటోల మీద కొలిచి ప్రపంచ పటానికి ఇచ్చింది. ఆ వేధశాలలో పనిచేసిన తండ్రి చేతుల్లో పెరిగిన వేణు బప్పు 1949లో తోకచుక్కకు తన పేరు తెచ్చుకున్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. 1985లో హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటేరియం తెరుచుకుంది. చుక్కల్ని ఇంత కొలిచిన నేల మనది.

కారణం నాకు తోచింది ఒకటి. మన ఆధునిక గేయానికి నేల మీదే చాలా పనిపడింది. గురజాడ తోకచుక్క నుంచి నేలకు దిగింది అందుకే. సుద్దాల హనుమంతు పశులు కాసే పిల్లవాడి మీద పాట కట్టినప్పుడు ఆ పిల్లవాడు జీతగాడు, కడుపులో ఆకలుంది. జపాన్ కాపరి పాలపుంత ఒడ్డున నిలబడి భార్య కోసం చూస్తున్నాడు, మన కాపరి దొర గడిలో బతుకు కోసం చూస్తున్నాడు. వాడికి తల ఎత్తే తీరిక ఇవ్వడానికే ఆ పాట పుట్టింది. తెలంగాణ పాట నేల వైపు చూసినందుకు దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే నేలకూ చుక్కకూ పేచీ ఉండనక్కర్లేదని చెప్పే రెండు జపాన్ పాటలున్నాయి, రుద్రారానికి అన్నిటికన్నా దగ్గరివి అవే. ఒకటి ‘మియగెతె గొరన్ యొరు నో హొషి వొ’. ఎయ్ రొకుసుకె మాటలు, ఇజుమి తకు సంగీతం. 1960లో వచ్చిన సంగీత నాటకంలోది, 1963లో సకమొతొ క్యూ గొంతులో ఇంటింటికీ చేరింది. పగలు పనిచేసి రాత్రి బడికి పోయే పిల్లల నాటకం అది. పల్లెల నుంచి బళ్ళ కొద్దీ పిల్లలు నగరాల ఫ్యాక్టరీలకు తరలిపోయిన కాలం. అందులో ఏ చుక్కకూ పేరు లేదు, నేను చెప్తున్న చిరునామా లేదు. అయినా అలసిన మనిషిని తల ఎత్తమని పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తుంది. ఇస్నాపూర్ గదుల్లో నలుగురైదుగురు కలిసుంటూ పాశమైలారం, రుద్రారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారే ఒడిశా, బిహార్ కుర్రవాళ్ళకు, మన జిల్లా పిల్లలకు ఇలాంటి పాట ఎవరు రాశారు? రాత్రి షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడే వేళకు చలికాలమైతే ఓరియన్ పడమటికి వాలి ఉంటుంది, వేసవి మొదట్లో అయితే వృశ్చికం దక్షిణాన నిండుగా ఉంటుంది. ఈ పొగలో, ఈ ఫ్లడ్‌లైట్లలో కూడా జ్యేష్ఠ ఎరుపు దాగదు.

రెండోది నకజిమా మియుకి 2000లో రాసి పాడిన ‘చిజో నో హొషి’. ఎన్‌హెచ్‌కే టీవీలో ఇంజనీర్ల, కార్మికుల శ్రమను చూపిన ‘ప్రాజెక్ట్ ఎక్స్’ ధారావాహికకు శీర్షిక గీతం. 2002 చివరి రాత్రి ఆమె కురొబె ఆనకట్ట సొరంగంలో నిలబడి పాడింది, వారాల తరబడి చార్టుల్లో ఉన్న ఆ పాట 2003 జనవరిలో మొదటి స్థానానికి చేరింది. అందులో సుబరు ఉంది, సిరియస్ ఉంది, గురుగ్రహం ఉంది, పెగాసస్ ఉంది. అవి ఉన్నది ఆకాశంలో కాదు, గాలిలో, నీటి అడుగున, కొండ అంచున, గడ్డినేలలో. పేరు లేని పనివాళ్ళకు చుక్కల పేర్లు పెట్టి, అందరూ పైకే చూస్తున్నారే, వీళ్ళనెవరు చూస్తారని అడుగుతుంది. సుద్దాల పాట మనసూ కెంజి పాట కన్నూ ఒకచోట కలిస్తే ఎలా ఉంటుందో ఈ పాట చూపిస్తుంది. చుక్కను ఉపమానం చేయడం తప్పని నేను అనను. పేరు తెలిసిన చుక్కను ఉపమానం చేస్తే ఆ ఉపమానానికి ఎంత బలం వస్తుందో మనవాళ్ళు వినాలి.

ఇందుకు మన చేతిలో ముడిసరుకు ఉంది, అది కరిగిపోతోంది. జపాన్‌లో నొజిరి హొయెయ్ (1885-1977) అనే రచయిత జీవితకాలం ఊరూరి నుంచి, జాలర్ల నుంచి, రైతుల నుంచి చుక్కల పల్లెపేర్లు సేకరించి పుస్తకాలు వేశాడు. ఓరియన్‌ను డప్పు చుక్కలని, వృశ్చికాన్ని చేపలు పట్టే చుక్కలని పిలిచిన పేర్లు అందువల్లే బతికాయి. మన పక్కన నాగపూర్ ప్రాంతంలో గోండుల నక్షత్ర జ్ఞానాన్ని ముంబై టాటా సంస్థ శాస్త్రవేత్త మయాంక్ వాహియా నమోదు చేశారు. పిల్లలకోడి, గొల్లకావడి, ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకుపోయే ముగ్గురు దొంగలు, వేగుచుక్క: తెలుగు పేర్ల పట్టీ ఇంత చిన్నది కాదు. గొర్రెల మందతో రాత్రుళ్ళు బయట పడుకున్న గొల్ల కురుమల దగ్గర, తెల్లవారుజామున మోట తోలిన తాతల దగ్గర ఇంకా ఎన్నో ఉండాలి.

చూడటానికి చీకటీ కావాలి. ఒకయామాలోని బిసెయ్ అనే చిన్న పట్టణం 1989లోనే ఆకాశం వైపు దీపాలు వేయకూడదని జపాన్‌లో మొదటి స్థానిక చట్టం చేసుకుంది. మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లే 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతమైంది. పారిశ్రామికవాడను ఆర్పేయమని ఎవరూ అడగరు. దీపానికి పైన మూత వేసి వెలుగును నేలకు మళ్ళిస్తే పనివాడికీ మేలు, చుక్కకూ మేలు.

పటాన్‌చెరు, సంగారెడ్డి బడుల పంతుళ్ళకు, పాట కట్టగల కవులకు నా విన్నపం ఇది. ఈ చలికాలం పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరికి పంపండి. ఏ చుక్కను ఏమంటారో, ఏ నెలలో ఏ దిక్కున చూశారో, ఊరి పేరుతో సహా రాయించండి. గొల్లకావడి అంటే మీ ఊళ్ళో ఏ మూడు చుక్కలో అడిగించండి. ఆ పేర్లతో, ముత్యాలసరంలోనో, బతుకమ్మ వరసలోనో, ఒక్క పాట కట్టండి. పాట వింటూ డాబా ఎక్కిన పిల్లవాడు తన వేలితో ఆ చుక్కను చూపించగలగాలి, అంతకు తక్కువైతే తిరగరాయండి.